పెన్న ఒడ్డున పాతరాళ్ళు

మా పులివెందులలో భూగోళశాస్త్రము బోధించి విశ్రాంతి గొన్న ఉపాధ్యాయులొకరు గలరు. ఊరిలో పిన్నలు పెద్దలు అందరును ఆయనను అయివారు అనియే పిలుతురు. ఆయన తమ కుమారుని వెంట గ్రీసు దేశమునకు పోయి, మూడు వారములు అచ్చట తిరిగి వచ్చిరి. వచ్చిన కొన్నాళ్ళకు ఒక సాయంకాలము మమ్ములను ఇంటికి పిలిచి, తీసి తెచ్చిన ఛాయాచిత్రములను సున్నపుగోడ మీద పెద్దవిగా పడునట్లు చేసి చూపించిరి. ఏథెన్సు నగరము నడుమ లేచిన అక్రోపొలిసు కొండ, దానిమీద క్రీస్తుకు పూర్వము 5వ శతాబ్దములో కట్టిన పార్థినాను దేవాలయము, ఈజియను సముద్రములో ముగ్గుపిండి చల్లినట్లు తెల్లతెల్లగా కనబడు ద్వీపములు - ఒకదాని వెంట ఒకటి గోడమీదికి వచ్చి పోవుచుండెను. మేము ఆ నీలపు నీటిని చూచి నోరు తెరచుకొని కూర్చుంటిమి. వాన మొగము ఎన్నటికిగాని చూడని సీమలో పుట్టినవారికి నీరు ఎచ్చట కనబడినను కన్ను అచ్చటనే నిలుచును గదా!

అయివారు మాత్రము ఆ నీటికంటె రెండు సంగతులను గూర్చియే ఎక్కువగా చెప్పిరి. మొదటిది ఏథెన్సులో 2009లో తెరచిన క్రొత్త ప్రదర్శనశాల. పార్థినాను గోడల పైభాగమున చుట్టును చెక్కిన శిల్పపంక్తిని అందులో వరుసగా అమర్చినారు. ఆ వరుసలో కొన్ని పలకలు కాలముచేత తేనెరంగు తేలిన అసలు చలువరాళ్ళు. కొన్ని తెల్లగా సున్నము కొట్టినట్లుండు ప్లాస్టరు పోతలు. ఆ తెల్లనివాటి అసళ్ళు లండనులో నున్నవి. 19వ శతాబ్దారంభమున ఎల్జిన్ ప్రభువు ఊడదీయించి కొనిపోగా, 1816లో బ్రిటిషు ప్రభుత్వము వాటిని కొనెను. “ఇల్లు ఇచ్చట, ఇంటివారు అచ్చట. పోయినవారి చోటులో పటము కట్టినట్లున్నది” అని అయివారు అనిరి.

రెండవది డీలాసు ద్వీపము. అది రెండు మూడు మైళ్ళ పొడవున నున్న బోడి రాతితిప్ప. అపాలో దేవుడు పుట్టిన చోటని గ్రీకులు దానిని పూజించిరి. క్రీస్తుకు పూర్వము 426లో ఏథెన్సువారు ఆ ద్వీపమును శుద్ధి చేయదలచి, అందులోని సమాధులన్నిటిని త్రవ్వించి, ఎదుట నున్న మరియొక దీవికి తరలించిరి. అంతటితో పోనీయక, ఆ నేలమీద ఇకముందు ఎవరును పుట్టరాదు, ఎవరును చావరాదు అని శాసించిరి. నెలలు నిండిన స్త్రీలను, అవసానదశలో నున్నవారిని పడవల మీద ఆవలి దీవికి చేర్చవలెను. ఇప్పుడు అచ్చట స్తంభములు, ముక్కలైన విగ్రహములు, బల్లులు తప్ప మరేమియు లేవట. చూడవచ్చినవారు పగలు తిరిగి, సాయంకాలము పడవ ఎక్కి పోవలసినదే.

మాతో కూర్చుండి ఇదంతయు వినుచున్న పెద్దాయన ఒకడు, మా వీధివాడే, చీనీతోట గల రైతు, అప్పటిదాక మాటాడక, “రాళ్ళు సూడనీకి అంత దూరం పోవల్నా అయివారూ? మన గండికోటలో ల్యావా రాళ్ళు?” అని అడిగెను. అందరమును నవ్వితిమి. నవ్విన తరువాత లెక్క చూచుకొంటే, ఆ గదిలో నున్న ఏడుగురిలో ముగ్గురము గండికోట మొగమెరుగము. దానవులపాడు పేరు విన్నవారము ఇద్దరము. కలమళ్ళ దారిని నూరుసార్లు పోయినను దిగి చూచినవాడు ఒక్కడును లేడు.

ఆ రాత్రి ఇంకొక మాటయు వచ్చినది. దానిని చెప్పి ముందుకు పోయెదము. క్రీ.శ. 2వ శతాబ్దములో గ్రీసు దేశమంతయు తిరిగి చూచి వ్రాసిన పాసేనియస్ అను యాత్రికుడు, అక్రోపొలిసు మీద ఏథీనా దేవి గుడిలోని బంగారు దీపమును వర్ణించినాడు. ఏడాదికొకసారి నూనె పోసిన చాలునట, రేయింబవళ్ళు వెలుగునట. దాని వత్తి ఒక విధమైన నారతో చేసినది, నారలలో అది యొక్కటియే నిప్పునకు కాలదు అని ఆయన వ్రాత. అది రాతినారయే అని పండితుల అభిప్రాయము. ఆంగ్లమున ఆస్బెస్టాస్ అను పేరును గ్రీకుమాటయే. ఆరనిది అని దాని అర్థము. మా పులివెందుల చెంత బ్రాహ్మణపల్లి గనులలో ఒకప్పుడు త్రవ్వి తీసినది ఈ రాతినారనే. దాని ధూళి ఊపిరితిత్తులను తినివేయునని తరువాత లోకమునకు తెలిసినది. దేవత యెదుట వెలిగిన వస్తువును మనిషి రొమ్ములో చీకటి చేయునది యొకటే కావడము విచిత్రము.

కార్తిక మాసములో ఒక తెల్లవారుజామున జీపు మాట్లాడుకొని బయలుదేరితిమి. పెద్దాయనయు వచ్చెను. చిత్రాన్నమును చెనక్కాయల ఊరుబిండియు మూటగట్టి తెచ్చినది ఆయనయే. మరియొక సంచి గూడ ఆయన యొడిలో నుండెను. అందులో ఏమున్నదో అడిగిన, తరువాత చూతము లెమ్మనెను.

పాతరాళ్ళు చూడవలెనన్న మా సీమలో ఊరు దాటనక్కరలేదని అయివారు జీపు కదలకముందే చెప్పిరి. వేంపల్లె పేరున భూగర్భశాస్త్రజ్ఞులు పిలుచు సున్నపురాయి ఇటు మా పొలముల క్రిందుగా పోవుచున్నది. అందులో కొన్నిచోట్ల ఉల్లిపొరలవలె ఒకదానిపై ఒకటి పేరుకొన్న వలయములు కనబడును. నూరు కోట్ల సంవత్సరములకు ఎంతో పూర్వము, ఇచ్చట లోతులేని సముద్రమున్న కాలములో, కంటికి కానరాని సూక్ష్మజీవులు పొరపొరగా పెరిగి చేసిన కట్టడములవి. చేపయు చెట్టును పుట్టకముందటివి. ఆ లెక్కకు పార్థినాను నిన్నటిది, గండికోట నేటి ఉదయముది.

ముద్దనూరు చేరి, తూర్పునకు తిరిగి కలమళ్ళకు పోయితిమి. రాయలసీమ విద్యుత్కేంద్రపు పొగగొట్టములు దూరమునుండియే దారి చూపినవి. ఈ ఊరి చెన్నకేశవాలయ ప్రాంగణములో లభించిన శాసనమే ఇంతవరకు తెలిసిన తెలుగు శాసనములలో మొదటిదిగా ఎక్కువమంది చరిత్రకారులు అంగీకరించినది. రేనాటిని ఏలిన చోళరాజు ధనంజయునిది. కాలము సుమారు క్రీ.శ. 575. అంతకు ముందు ఈ దేశమున రాజులు రాతిమీద ప్రాకృతమునో సంస్కృతమునో చెక్కించిరిగాని ప్రజల నోటిమాటను చెక్కించలేదు. 2008లో తెలుగునకు ప్రాచీనభాష హోదా వచ్చునప్పుడు ఈ సీమలోని రాళ్ళే సాక్ష్యము చెప్పినవి. అయివారు ఆ శాసనపు అచ్చుప్రతిని సంచిలోనుండి తీసి, గుడి యెదుట నిలిచి బిగ్గరగా చదివిరి. పంక్తులు అరిగిపోయి, నడుమ అక్షరములు లేవు. మాకు మూడువంతులు తెలియలేదు. రేనాడు అన్న ఒక్క మాట మాత్రము చెవికి తగిలెను. పెద్దాయన, “ఇది మన మాటనే!” అనెను. పదునాలుగు వందల ఏండ్ల క్రిందటి మాటకు మనిషి ఉలికిపడుట అప్పుడు చూచితిమి. చుట్టుప్రక్కల ఎర్రగుంట్ల నాపరాళ్ళ గనులు గలవు. తెలుగువారి వంటిండ్ల గూళ్ళలో పరచిన నల్లబండలు ఈ సీమవే. వాటిలో ఎన్నింటి మీద అక్షరములు ఉండినవో చెప్పగలవారు లేరు.

జమ్మలమడుగు దాటి దానవులపాడు చేరువరకు ఎండ ముదిరెను. పేరు వినగానే రాక్షసుల కథ ఏదియో ఉండవలెనని తోచును. నిజమునకు ఇచ్చట నిలిచినవారు హింసను ముట్టని జైనులు. పెన్న ఒడ్డున ఇసుకదిబ్బ క్రింద మూతబడిపోయిన జైనాలయములను 1903లో అలెగ్జాండర్ రీ అను పురావస్తుశాఖాధికారి త్రవ్వించి వెలికి తీసెను. నిలువెత్తు పార్శ్వనాథుడు, తల వెనుక పాముపడగల గొడుగు, చెక్కిన స్తంభములు, నాలుగు ముఖముల జినబింబములు - ఒక్కొక్కటిగా ఇసుకలోనుండి లేచినవి. వాటిలో ఒక పానవట్టము గలదు. శాంతినాథుని అభిషేకమునకై దానిని చేయించినవాడు రాష్ట్రకూట చక్రవర్తి నిత్యవర్షుడు, అనగా మూడవ ఇంద్రుడు. 10వ శతాబ్దారంభమున రాజ్యము చేసినవాడు. ఉత్తరాన కన్నౌజు వరకు సేన నడిపిన చక్రవర్తికి ఈ పెన్న యొడ్డు మూలన ఒక స్నానపీఠము చేయించుటకు తీరిక దొరికినది.

అంతకంటె మాకు మనసున పట్టినది శ్రీవిజయుడను దండనాయకుని స్తంభము. అతడు ఇంద్రుని సేనాని. అనుపమకవి అని బిరుదు. యుద్ధములు గెలిచి, పద్యములు చెప్పి, కడకు సర్వమును విడిచి జైనవిధిని దేహము చాలించినవాడని ఆ శాసనము చెప్పుచున్నది. అక్రోపొలిసు కొండమీద వీరులకును కవులకును వేరువేరు ప్రతిమలు ఉండెను గాని, ఇచ్చట ఇద్దరును ఒక్క స్తంభములోనే ఇమిడిరి.

ఈ రాళ్ళలో మేలైనవానిని అప్పుడు చెన్నపట్టణపు ప్రదర్శనశాలకు తరలించిరి. ఇప్పుడు అవి ఎగ్మూరులో నున్నవి. దానవులపాడులో మిగిలినవి పార్శ్వనాథుడు, పునాదులు, గాలికి అటునిటు నడచు ఇసుక. అయివారు ఆ పునాదిమీద కూర్చుండి కొంతసేపు పలుకలేదు. మాలో ఒకరు, ఎల్జిన్ ప్రభువు చేసినదే ఇచ్చటను జరిగినది గదా అని అంటిమి. మరియొకరు ఒప్పుకొనలేదు. ఆ రాళ్ళను పట్టణమునకు కొనిపోకుండ ఇచ్చటనే వదలియుండిన, సగము పెన్న వరదకు కొట్టుకొని పోయెడివి, సగము గాటిపాటకు గుంజలుగా నాటబడెడివి అని వారి వాదము. అది తీసివేయదగిన మాట కాదు. మేమే త్రోవలో ఒక ఊరిలో చెక్కిన స్తంభపు ముక్కమీద బట్టలుదుకుట చూచితిమి. చెప్పితే ఆ యిల్లాలు, “ఇది మా అవ్వ కాలం నుంచి ఈడనే ఉండాది” అనెను. ఒక విధమున చూచిన ఆ రాయి ఎగ్మూరులోని రాయికంటె అదృష్టవంతురాలు. రోజును ఎవరో ఒకరు తాకుచున్నారు.

అయివారు చెప్పినది వేరు. డీలాసులో నాక్సాసు ద్వీపమువారు సమర్పించిన చలువరాతి సింహముల వరుస గలదు. సముద్రపుగాలికి అరిగిపోవుచున్నవని అసలు సింహములను ఆ ద్వీపములోనే ఉన్న ప్రదర్శనశాలలోనికి మార్చి, వాటి చోటులో పోతబొమ్మలను నిలిపినారు. పోతబొమ్మను చూచి రెండడుగులు నడిచిన అసలుదానిని చూడవచ్చును. “దానవులపాడు పిల్లవాడు శ్రీవిజయుని స్తంభము చూడవలెనన్న మదరాసునకు రైలెక్కవలెను. ఆ రైలుకూలి వానికి ఎవరిత్తురు?” అని ఆయన అడిగిరి. ఈ ప్రశ్నకు మాలో ఎవరివద్దను జవాబు లేకపోయెను. చిత్రాన్నపు మూట విప్పితిమి.

గండికోటకు సాయంకాలము చేరితిమి. జమ్మలమడుగునుండి పది మైళ్ళలోపు దారి. ఎర్రమల కొండలను పెన్న నిలువున చీల్చుకొని పోయినది. ఆ చీలికయే గండి, దాని అంచున కోట. నది క్రింద సుమారు 300 అడుగుల లోతున పారును. రెండు వైపుల ఎర్రరాతిబండలు ఇటుకలు పేర్చినట్లు వరుసవరుసలుగా, ఎవరో తూకము పెట్టి కట్టినంత చక్కగా ఉన్నవి. ఉత్తరమున ఈ అగాధమే గోడ. తక్కిన దిక్కులకు మనుష్యులు కట్టిన గోడ, బురుజులు, ఇనుపమేకుల తలుపులు. నాలుగు దిక్కుల నీరు లేదుగాని, ఇది మెట్టనేలలోని ద్వీపమే అని అయివారు అనిరి.

క్రీ.శ. 1652 సెప్టెంబరులో టావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు ఈ కోటకు వచ్చెను. గోలకొండ సుల్తానునకు ముత్యములు అమ్మవలెనని ఆయన యత్నము. ముందు మంత్రి చూడనిదే సుల్తాను కొనడని, ఆ మంత్రి మీర్ జుమ్లాను వెదకికొనుచు ఇంత దూరము వచ్చినాడు. అంతకు కొద్ది కాలము ముందే మీర్ జుమ్లా ఈ కోటను పెమ్మసాని చినతిమ్మానాయుని నుండి పట్టుకొని ఇచ్చట మకాము చేసి యుండెను. కొండను తొలిచి చేసిన ఒక్కటే త్రోవ, ఒకప్రక్క గుండె జల్లుమను లోయ, పైకెక్కిన పిమ్మట వరియు జొన్నయు పండు చదునునేల, ఊటనీరు - ఇవన్నియు టావెర్నియే వ్రాసిపెట్టినాడు. మీర్ జుమ్లా పని చేయు తీరునుగూడ చెప్పినాడు. ఆ ప్రభువు డేరాలో వట్టికాళ్ళతో కూర్చుండి, వచ్చిన ఉత్తరములను కాలివ్రేళ్ళ సందులలోను ఎడమచేతి వ్రేళ్ళ సందులలోను ఇరికించుకొని, ఒకప్పుడు కాలినుండి, ఒకప్పుడు చేతినుండి ఒక్కొక్కటి తీసి జవాబు చెప్పుచుండెనట. మన కచేరీలలో దస్త్రములు కట్టలుగా బీరువాలలో నిద్రించుటకంటె ఆ పద్ధతి మేలని మాలో ఒక విశ్రాంత గుమాస్తా అభిప్రాయపడిరి.

టావెర్నియే చెప్పినవానిలో మమ్ము కలచినది మాధవరాయాలయపు కొండ గుర్తుకు తెచ్చు మరియొక కథ. మీర్ జుమ్లా వద్ద మాయే అను ఫ్రెంచివాడు ఫిరంగులు పోయుటకు కుదిరియుండెను. పెద్ద పెద్ద ఫిరంగులు ఇరువది కావలెనని ప్రభువు ఆజ్ఞ. కంచు ఎక్కడిది? చుట్టుప్రక్కల గుళ్ళలోని విగ్రహములను తెప్పించి పోగుపెట్టిరి. గండికోట గుడినుండి తెచ్చిన పెద్ద విగ్రహములు ఆరు. కొన్ని పది అడుగుల ఎత్తువి. తక్కినవన్నియు కరగినవి గాని ఆ ఆరును కరగలేదట. కొలిమిలో ఎంత బొగ్గు పోసినను ఫలము లేకపోయెను. పూజారులు ఏదో మంత్రము వేసిరని మీర్ జుమ్లా వారిని బెదరించెను. కడకు ఫిరంగి ఒక్కటియు సరిగా దిగలేదు. మాయే పని వదలిపెట్టి పోయెను. ఆ ఆరు విగ్రహములు పిమ్మట ఏమైనవో టావెర్నియే వ్రాయలేదు. లోహము సంగతి తెలిసినవారు, కొలిమి వేడి చాలక అట్లు జరిగియుండునని చెప్పుదురు. చెప్పవచ్చును. ఈ కథ విన్నంతనే పెద్దాయన రెండు చేతులు జోడించెను. దానికి కొలిమితో పని లేదు.

ఇంచుమించు ఆ కాలముననే గ్రీసులోను ఫిరంగికిని దేవాలయమునకును లంకె పడినది. పార్థినానును తురుష్కులు మందుగుండు కొట్టుగా వాడుకొనుచుండిరి. 1687 సెప్టెంబరు 26న వెనీసు సేన పేల్చిన గుండు అందులో పడి, రెండువేల యేండ్లు నిలిచిన కట్టడపు కప్పు ఒక్క క్షణములో ఎగిరిపోయెను. ఇచ్చట దేవుళ్ళను ఫిరంగులుగా మార్చబూనిరి. అచ్చట దేవుని ఇంటిలోనే ఫిరంగిమందు పెట్టిరి.

మాధవరాయాలయపు గోపురము నాలుగంతస్తులతో నేటికిని నిలిచియున్నది. లోపల మంటపపు స్తంభములు చెక్కుచెదరక చూడముచ్చటగా నున్నవి. గర్భాలయములో మూర్తి లేదు, దీపము లేదు. గబ్బిలములవాసన మాత్రము కలదు. కొంచెము దూరమున జుమ్మామసీదు, దాని యెదుట కత్తుల కోనేరు, ఎత్తైన ధాన్యాగారము, చెరసాల. మసీదు మీనారును గుడి గోపురమును ఒక్కచోట నిలిచి చూచిన రెండును ఒకే ఎండలో ఒకే విధముగ పసుపు తేలుచున్నవి. కోటలోపల కొన్ని కుటుంబములు నేటికిని కాపురము చేయుచున్నవి. పిల్లలు ధాన్యాగారపు నీడలో గోళీలాడుచుండిరి. మేకలు బురుజు మెట్లను మాకంటె సులువుగా ఎక్కుచుండెను. డీలాసులో లేనిది ఇదియే అని అయివారు అనిరి. ఇచ్చట పుట్టువారును గలరు, చచ్చువారును గలరు.

ఆ రాత్రి పర్యాటకశాఖవారి వసతిగృహములో నిద్రించి, తెల్లవారకముందే గండి అంచునకు పోయితిమి. సూర్యుడు పొడచూపగానే ఎదుటి బండలు మొదట ఊదారంగున, తరువాత ఇటుకరంగున, కడకు నిప్పుకణికలవలె మారినవి. క్రింద నీరు మాత్రము ఇంకను చీకటిలోనే యుండెను. అంచున కమ్మీలు లేవు. ఛాయాచిత్రములకై మరీ ముందుకు పోవు పడుచువారిని చూచి మాకు గుండె ఆగినంత పనియైనది. ప్రభుత్వమువారు గోపురమునకు సున్నము వేయించుట తరువాత చూడవచ్చును. ఇచ్చట ముందుగా నాలుగు రాళ్ళు అడ్డము పెట్టించిన బాగుండును.

తిరుగుప్రయాణములో పెద్దాయన మొదటిసారి తన కోరిక చెప్పెను. “తాడిపత్రి దావ పట్టి ఒకసారి పోదాము అయివారూ. నీళ్ళు సూపిస్తా” అనెను. ముద్దనూరునుండి పడమరగా తిరిగి, కొండాపురము వైపున గండికోట జలాశయపు అంచు చేరితిమి.

శ్రోతలలో కొందరికి తెలియకపోవచ్చును. కోటకు ఎగువన పెన్నకు అడ్డముగా కట్టిన ఈ జలాశయము గాలేరు-నగరి పథకములోనిది. నిండిన 26 టీఎంసీలకు పైగా నీరు పట్టును. ఇందులో చేరునది ముఖ్యముగా పెన్న నీరు కాదు, శ్రీశైలము నుండి కాలువలు సొరంగములు దాటి వచ్చు కృష్ణ నీరు. ఇచ్చటినుండి యంత్రములతో పైకి తోడి పైడిపాళెము జలాశయమునకు, పార్నపల్లె వద్ద చిత్రావతి జలాశయమునకు పంపుదురు. అచ్చటినుండి మా పులివెందుల కాలువ. బోరుబావులు ఎండి, కాపునకు వచ్చిన చీనీచెట్లను రైతులు తమ చేతులతోనే నరికికొన్న యేండ్లను మేము చూచినాము. ఈ నీరు వచ్చిన పిమ్మట తోటలు తిరిగి పచ్చబడినవి. దీనికై మునిగినవి కొండాపురము మండలములోని ఊళ్ళు. 2020లో జలాశయమును మునుపటికంటె ఎత్తునకు నింపినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు ఖాళీ చేయవలసి వచ్చెను.

మా యెదుట నీరు కనుచూపు మేర పరచుకొని యుండెను. గాలి లేదు. నీటినడుమ మునిగీమునగని తిప్పలు నల్లగా, పచ్చగా అక్కడక్కడ తేలినట్లున్నవి. వాటిమీద తుమ్మచెట్లు, కొంగలు. మాలో ఒకరు అప్రయత్నముగా, “అయివారి గోడమీద చూచిన ద్వీపములివియే గదా!” అని అంటిమి. నిజముగా అట్లే యున్నవి. అంత అందముగ ఉన్నవి.

పెద్దాయన చేయి చాచి చూపెను. “ఆ రెండు తిప్పలు ఉండాయి సూడండి, వాటి నడమనే ఊరు. మా బిడ్డను ఈ ఊరికే ఇచ్చింటి. ఇల్లు ఎడంపక్కకు. ముందర యాపచెట్టు.”

ఆయన కూతురు సంసారము ఈ ఊరిలో నుండెనని ఏండ్లుగా ప్రక్కయింట నున్న మాకే తెలియదు. ఆమె ఇప్పుడెక్కడ నున్నదని అడిగితిమి. పరిహారపు సొమ్ముతో ముద్దనూరులో ఇల్లు కట్టుకొన్నారని చెప్పెను. అయివారు కొంత తటపటాయించి, ఆ ఊరివారి సమాధుల సంగతి ఏమైనదని అడిగిరి. డీలాసు కథ ఆయన మనసులో మెదలుచున్నదని మాకు తెలిసెను.

“గోరీలు ఎత్తకపోనీకి అయితాదా అయివారూ? మా యవ్వంకుని నాయన, వాళ్ళ అవ్వ, అందురూ ఆడనే. నీళ్ళు వచ్చే ముందురోజు పోయి టెంకాయ కొట్టి వచ్చినారు.”

కొంతసేపు ఎవరమును మాటాడలేదు. దూరమున ఒక పడవవాడు వల తీయుచుండెను. పెద్దాయన అప్పుడు తన సంచి మూతి విప్పెను. నిండుగా చీనీకాయలు. ఒక్కొక్కటి గోటితో తొక్క తీసి, తొనలు విడదీసి, అందరి చేతులలో పెట్టెను. “తినండి. మా తోటవి. ఈ నీళ్ళకు కాసినవే” అనెను.

తీయగానే యున్నవి. గట్టుమీద జీపు డ్రైవరు, ఎండ ముదురుచున్నదని, హారను మ్రోగించుచుండెను.